రెండు పడవలు, రెండు వందల ప్రాణాలు



రెండవ ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజులవి. తుర్కియా ఏ పక్షానా చేరక తటస్థంగా ఉన్నది. 1941 జూన్ 23 సాయంత్రం ఆ దేశపు వర్తక నౌక 'రెఫాహ్' మెర్సిన్ రేవు నుండి ఈజిప్టుకు బయలుదేరింది. ఉర్దూలో మనం రిఫాహ్ అంటాము. క్షేమం అని అర్థం. నౌకలో 200 మంది ఉన్నారు. వారిలో అత్యధికులు, బ్రిటన్‌లో తమ దేశం కోసం నిర్మించిన జలాంతర్గాములను తెచ్చుకోవడానికి వెళ్తున్న నావికులు, విమాన శిక్షణకు వెళ్తున్న యువకులు. ఆ రాత్రే ఒక జలాంతర్గామి ప్రయోగించిన టార్పెడో నౌకను ముంచివేసింది. 168 మంది మరణించారు.

యుద్ధానికి దిగక, శాంతిని కోరి తొలగి ఉన్నవారిపై చేయి ఎత్తే దారిని అల్లాహ్ విశ్వాసులకు ఇవ్వలేదని సూరా అన్-నిసా 90వ వచనం తెలుపుతున్నది. తటస్థుల రక్షణకు ఇంతకన్నా స్పష్టమైన ఆధారం ఏమి కావాలి? ఆ జలాంతర్గామి ఏ దేశానిదో నేటికీ తేలలేదు. మనుషుల విచారణకు చిక్కనివారు ప్రళయదినాన అల్లాహ్ విచారణను తప్పించుకోలేరు.

అయితే ఈ ఉదంతంలో మరొక లెక్క ఉన్నది. రెఫాహ్ నలభై ఏళ్ల పాత నౌక. అందులో ప్రాణరక్షక పడవలు రెండే. ఒక్కొక్కదానిలో 24 మందికి చోటు. మిగిలిన 152 మందిని ఏ ధైర్యంతో ఎక్కించారు? టార్పెడో పరాయివాడి దౌర్జన్యం. పడవలు లేకపోవడం మాత్రం సొంతవారి నిర్లక్ష్యం. చివరకు ఆ దేశపు రక్షణ, రవాణా మంత్రులు పదవులు వీడారు.

మిరప కోతల కాలంలో మా పెదకాకాని దారుల్లో కూలి స్త్రీలను కిక్కిరిసి ఎక్కించుకున్న ఆటోలను చూస్తూ ఉంటాము. బడిపిల్లల ఆటోల తీరూ అంతే. నలుగురి చోటులో పదిమందిని కూర్చోబెట్టి, ప్రమాదం జరిగితే లారీవాడిని నిందించి, తక్దీర్ అని సరిపెట్టుకుంటాము. ప్రతి ఒక్కరూ కాపరియేననీ, తన సంరక్షణలో ఉన్నవారిని గురించి ప్రశ్నింపబడతారనీ దైవప్రవక్త (స) బోధించారు. ఆటో నడిపేవాడు, కూలీలను పంపే మేస్త్రి, పిల్లలను ఎక్కించే తండ్రి, మదర్సాల బాధ్యులమైన మేము, అందరమూ ఆ ప్రశ్నకు లోబడినవారమే. తవక్కుల్ అంటే ఒంటెను కట్టివేసిన తర్వాత అల్లాహ్‌పై భారం వేయడమని మనకు తెలియనిది కాదు.

రేపు ఉదయం మీ బిడ్డను ఆటో ఎక్కించే ముందు ఒకసారి లోపలికి తొంగిచూడండి. అందులో ఎందరున్నారో లెక్కించండి. చోటు లేకుంటే దింపండి. ఆ పూట బడి తప్పినా ఫరవాలేదు. మన చేతికి అప్పగించిన అమానతులను భద్రంగా కాపాడుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.