సీమ యిండ్లు - వాస్తుశిల్పి కర్తవ్యము

స్వదేశోద్యమము వస్త్రమును గూర్చి మనకొక ప్రశ్న నేర్పినది. ఈ బట్ట నెవరు నేసిరి, దీనికిచ్చిన పైక మెవరి యింటికి జేరును అని కొనువాడు విచారింపవలెనని గాంధీమహాత్ముడు బోధించెను. ఇంటిని గూర్చి యట్టి ప్రశ్నను మనమింతవరకు గట్టిగా నడుగలేదు. ఒక పంచె కొనుటకు పది దుకాణములు తిరుగువాడు సైతము, జన్మమున కొక్కసారి గట్టుకొను నింటి విషయమున కంట్రాక్టరు మాటయే వేదముగా గ్రహించి, పొరుగూరివాడు గట్టినట్లే కట్టి, పదియేండ్లు అప్పు తీర్చుచున్నాడు. ఇల్లు తన సీమ యెండకు దగినదా, తన నేలలోని సామగ్రితో నైనదా యని విచారించువారు మిక్కిలి యరుదు.

దీని ఫలమును వేసవిలో కర్నూలు, కడప పట్టణముల నేవీథికి బోయినను జూడవచ్చును. ఎండ 40 డిగ్రీలు దాటు నీ సీమలో నాలుగైదంగుళముల కాంక్రీటు పలకను నెత్తిపై బెట్టుకొని, పలుచని గోడల నడుమ, గాలి వచ్చుదారి లేని గదులలో జనులు కాపురముండుచున్నారు. పగలెల్ల యెండను ద్రావిన యా కప్పు రాత్రియెల్ల దానిని గదిలోనికి గ్రక్కుచుండును. పంకా తిరిగినకొలది వేడిగాలియే మీదబడును. కలిగినవాడు శీతలయంత్రమును గొని నెలనెల విద్యుచ్ఛక్తికి కప్పము గట్టుచున్నాడు. లేనివాడు తడిగుడ్డ కప్పుకొని తెల్లవారుటకై వేచియున్నాడు.

సామగ్రి లేమిచే నిట్లయినదందుమా? 1872లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ ప్రాంతపు శిలలను గూర్చిన గ్రంథమును ప్రకటించెను. నేటికిని ఆ శాస్త్రమున కడప, కర్నూలు అను పేళ్ళు శిలావర్గములకు నామములై వెలయుచున్నవి. ఎఱ్ఱగుంట్ల ప్రాంతపు నల్లబండ, పూర్వము కర్నూలు జిల్లాలోనుండి 2022లో నంద్యాల జిల్లాలో జేరిన బేతంచెర్ల బండ, ఉలికి దగిలినంతనే పొరలుపొరలుగా విడును. బొంబాయి మహానగరమున వంటయింటి తిన్నెకు బరచు నల్లరాతికి కడప యనియే వాడుక పేరు. పరదేశమున నింత కీర్తిగన్న రాయి తన యూరిలో ప్రహరీగోడకును, పశువుల కొట్టమునకును మాత్రమే పనికివచ్చునదని యెంచబడుచున్నది. లోపలి గదులకు దూరప్రాంతపు కర్మాగారములనుండి మెఱుగుబిళ్ళలు వచ్చుచున్నవి.

మన పెద్దలీ సామగ్రితోనే మట్టిమిద్దెలను గట్టిరి. రాతిని మన్నుతో గూర్చి మందమైన గోడలు లేపి, దూలములపై దంతెలు బరచి, వానిపై బండలనో కట్టెలనో పేర్చి, ఆకును కంపను గప్పి, మన్ను మెత్తి, అన్నిటిపైని చవుటిమన్ను బోసిరి. చవుడు తడిసినంతనే మెత్తబడి తన పగుళ్ళను తానే మూసికొని నీటిని దిగనీయదు. ఏటేట తొలకరికి ముందు క్రొత్తచవుడు బోయుట యింటింటి యాచారము. అంత మందమైన మన్ను కప్పుగా నున్నపుడు మధ్యాహ్నపు టెండ లోపలికి దిగుసరికి సాయంకాలమగును. అప్పటి కింటివారు మిద్దెపై బండుకొనుటకు బోవుదురు. గవాక్షినుండి వెలుతురు దిగును, పొగయు వేడిగాలియు పైకి బోవును. ఇది యే విశ్వవిద్యాలయమును నేర్పిన విద్య కాదు. వానలు తక్కువై యెండలు మెండైన సీమలో తరతరముల యనుభవము గూర్చిన శాస్త్రము.

ఆ మిద్దెలలో లోపములు లేవని మేమనము. దూలమునకు దగిన కలప నేడు దొరకదు, దొరకినను చెద విడువదు. ఏటేట చవుడు మోయుట కింట మనుష్యులు లేరు. ఆదమరచిన సంవత్సరము మిద్దె కారును. మట్టిగోడ వరదకు నిలువదు. 2009 అక్టోబరున తుంగభద్ర కర్నూలు నగరమును ముంచిన దినములును, 2021 నవంబరున చెయ్యేటిపై అన్నమయ్య జలాశయము కట్ట తెగిన దినమును మరచినవారు లేరు. కాన యథాతథముగా తాతలనాటి యింటికి మరలుడని మేము చెప్పుటలేదు. పాతపనిలోని గుణమును నిలిపి లోపమును దీర్చు విద్యావంతుడు కావలెనని చెప్పుచున్నాము. వాస్తుశిల్పి యనువాని పని యిదియే.

అట్టి జీవితమును మన దేశముననే గడపి చూపినవాడు లారీ బేకరు. 1917లో ఇంగ్లాండునందలి బర్మింగుహాములో జన్మించి, వాస్తుశిల్పవిద్య ముగించి, యుద్ధకాలమున చీనాలో రోగులకు సేవజేసి, మరలిపోవుచు బొంబాయిలో నోడకై వేచియున్న దినములలో నాతడు గాంధీజీని దర్శించెను. ఇంటికి వలయు సామగ్రి ఆ యింటి చుట్టు అయిదుమైళ్ళలోపల దొరకునదై యుండవలెనని మహాత్ముడు చెప్పినమాట ఆతని జీవితమును మార్చినది. 1945లో భారతదేశమునకు మరలివచ్చి, కుష్ఠురోగుల వైద్యాలయములను నిర్మించి, వైద్యురాలైన ఎలిజబెత్తును వివాహమాడి, హిమాలయప్రాంతమున పిఠోరాగఢు కొండలలో పెక్కేండ్లు నివసించెను. పట్టభద్రుడైన తానెరుగని యనేక సంగతులు కొండపల్లెల మేస్త్రీలకు దెలియునని యాతడు గ్రహించినదచటనే.

తరువాత తిరువనంతపురమున స్థిరపడి, అభివృద్ధి అధ్యయన కేంద్రము మొదలు పేదల గుడిసెలవరకు, చర్చీలు, బడులు, కాఫీహోటలు ననేకములు గట్టెను. ఇటుకలను అంచుపై నిలిపి నడుమ బోలు విడిచి గోడ గట్టిన రమారమి నాల్గవవంతు ఇటుకలు మిగులును, ఆ బోలుగాలి వేడిమి నాపును. కప్పుపలక క్రిందిభాగమున కాంక్రీటు మోయు భారము లేదుగాన నచట పాతపెంకుల నిమిడ్చిన సిమెంటు తగ్గును. ఇవి యాతడు వ్యాప్తికి దెచ్చిన యుపాయములు. వాడి పారవేసిన కాగితముల వెనుక పటములు గీసి, దినమెల్ల పనిచోట బేల్దార్లతో నిలుచుట యాతని పద్ధతి. 1985లో అచ్యుతమీనన్, కె.ఎన్. రాజ్ ప్రభృతులతో గూడి ఈ పనికై యొక సంస్థను నెలకొల్పెను. ప్రభుత్వము 1990లో పద్మశ్రీ నొసగినది. 2007లో ఆతడు మరణించునప్పటికి చౌకయిల్లన్న నవ్విన ఇంజనీర్ల కుమారు లాతని శిష్యులై యుండిరి.

మన తెలుగునేలను జూతమన్న, హైదరాబాదున 2004లో ప్రారంభింపబడిన గోద్రెజ్ హరితవ్యాపార కేంద్ర భవనమున్నది. కరణ్ గ్రోవరు రచించిన యా కట్టడము, అమెరికా వెలుపల ప్లాటినము శ్రేణి హరితపత్రము వడసిన మొట్టమొదటి భవనము. ముంగిళ్ళు, జాలకములు, గాలిగోపురములు మున్నగు మన పూర్వపద్ధతుల నందు వాడిరి. అది మనకు గౌరవమే. కాని పాత్రికేయులు చూచిపోవు నట్టి భవనములు పదియున్నను, నంద్యాల దగ్గరి కూలివాని కొంపలో నొక్క డిగ్రీ వేడిమి తగ్గదు. హరితపత్రము లేని యింటిలో చల్లదనము గల్పించుటయే మనకు గావలసిన విద్య.

సిమెంటును బహిష్కరింపుడని మేమనుట లేదు. వంతెనకు, ఆనకట్టకు, పలు యంతస్తుల మేడకు నది కావలసినదే. కాని సున్నపురాతిని రమారమి 1450 డిగ్రీల వేడిమిలో గాల్చి చేయు నా పొడినుండి, లోకమున మానవులు విడుచు బొగ్గుపులుసు వాయువులో నించుమించు నూటికి 8 పాళ్ళు పుట్టుచున్నవి. గోడగా నిలుపదగిన రాతినే కాల్చి పొడిచేసి, ఆ పొడితో రాతివంటి గోడను మరల గట్టుట ఎంత దుర్వ్యయమో విజ్ఞులు యోచింతురుగాక.

ఈ విచారము నేడు మనకు మిక్కిలి యవసరమైనది. 2020లో కడపయందు వాస్తుశిల్పమునకును లలితకళలకును ప్రత్యేక విశ్వవిద్యాలయము స్థాపితమైనది. ఇందలి విద్యార్థులు పట్టము గొని యెచటి యిండ్లు గట్టుదురు? గాజుమేడల పటములు నేర్చి బెంగళూరికి బోవుటకే యైన, ఆ విశ్వవిద్యాలయము కడపలో నుండుటకు గారణమేమి? ప్రతి విద్యార్థియు నొక యేడు జమ్మలమడుగు, కోవెలకుంట్ల, ఆళ్ళగడ్డ పల్లెలకు బోయి, నిలిచియున్న మిద్దెలను గొలిచి, చవుడును బరీక్షించి, ముదుసలి బేల్దార్లను విచారించి వ్రాసియుంచవలెను. ఆ బేల్దార్లు గతించినపిమ్మట నే గ్రంథాలయమును ఆ విద్యను మనకు దిరిగి యీయలేదు.

విద్యార్థిని మాత్రమే నిందించి ఫలము లేదు. వాస్తుశిల్పికి కట్టడపు ఖర్చుపై నూటికిన్నియని ప్రతిఫల మిచ్చు నాచారము గలదు. ఖర్చు తగ్గించినవాని కూలియే తగ్గు నీ పద్ధతిలో పొదుపరియైన శిల్పి యెట్లు బ్రదుకును? పనికి దగిన నికరపు ప్రతిఫల మేర్పరుపవలెను. ప్రభుత్వపు ధరలపట్టికలో బండకప్పునకు, గానుగసున్నమునకు, మట్టియిటుకకు దగినచోటు లేకున్న, ఏ ఇంజనీరును వాని నంచనాలో వ్రాయ సాహసింపడు. పేదలకు గట్టించు నిండ్ల విషయమున కాంక్రీటుపెట్టెయే పక్కాయిల్లను భావము తొలగవలెను. పునాదిని రాతితో వరదమట్టముపైకి లేపి, కప్పును బండతో బరచి, సున్నముతో బూసిన యిల్లు పక్కాది గాదని యెవరు చెప్పగలరు?

పట్టణవాసులకు మా విన్నపమొకటి. చెప్పినమాటకంటె కట్టి చూపిన గోడను జనులు నమ్ముదురు. మండలమున కొక బడినో పఠనాలయమునో ఆ మండలపు రాతితో, ఆ మండలపు పనివారిచేత గట్టింపుడు. వైశాఖమున నందు గూర్చుండి పత్రికను జదివినవాడు, తన యిల్లు గట్టునపుడు తగిన ప్రశ్న నడుగక మానడు.