బెర్లిన్‌లో ముందు కావలసింది చిరునామా

బెర్లిన్‌లో దిగిన కొత్త మనిషిని మొదటి రోజే తనవాడిగా చూసేది రైలు. యూ-బాన్, ఎస్-బాన్ అనే నగర రైళ్ల స్టేషన్లలో హైదరాబాద్ మెట్రోలో లాగా గేట్లు ఉండవు. టికెట్ కొని, ప్లాట్‌ఫాం మీది చిన్న పెట్టెలో తేదీ ముద్ర వేయించుకుని ఎక్కడమే. అదే టికెట్ బస్సుకీ ట్రాముకీ పనికొస్తుంది. టికెట్ లేకుండా తనిఖీలో దొరికితే 60 యూరోల జరిమానా. ముందు నమ్మడం, తప్పు చేస్తేనే శిక్షించడం అక్కడి రవాణా పద్ధతి. ఇల్లు దగ్గరికి వచ్చేసరికి ఇది తలకిందులవుతుంది. నిన్ను నమ్మడానికి ఆధారం చూపించు అంటుంది అదే నగరం. కొత్తవాళ్ల కష్టాల్లో చాలావాటికి మూలం భాషో, చలో కాదు, ఈ చిరునామాయే.

జర్మనీ చట్టం ప్రకారం ఇంట్లో చేరిన 14 రోజుల్లోగా పౌర కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. దీన్నే అన్‌మెల్డుంగ్ అంటారు. అందుకు ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం తప్పనిసరి. నమోదయ్యాకే పన్ను గుర్తింపు నంబరు పోస్టులో వస్తుంది. అది పనిచేసే సంస్థకు సకాలంలో అందకపోతే జీతంలో పన్ను కోత అత్యధిక తరగతి కింద పడవచ్చు. నివాస అనుమతికీ ఆ నమోదు కాగితమే అడుగుతారు. ఇంకో చిన్న సంగతి చూడండి. బెర్లిన్ అపార్ట్‌మెంట్లలో సాధారణంగా ఫ్లాట్ నంబర్లుండవు. పోస్ట్‌మన్ డబ్బా మీది పేరు చూసి ఉత్తరం వేస్తాడు. ఆ పేరు లేకపోతే ఎంత ముఖ్యమైన ఉత్తరమైనా వెనక్కి పోవచ్చు.

ఆ డబ్బా మీద పేరెక్కడమే గగనం. ఇల్లు ఇవ్వాలంటే మూడు నెలల జీతం రసీదులు, షూఫా అనే రుణ చరిత్ర పత్రం అడుగుతారు. నిన్న వచ్చినవాడికి ఇవి ఎక్కడివి? విద్యార్థి హాస్టళ్లకు నెలల తరబడి ఎదురుచూపులు. దాంతో చాలామంది నమోదుకు ఒప్పుకోని తాత్కాలిక గదుల్లో చేరతారు. కొందరు తెలిసినవాళ్ల చిరునామా వాడుకుంటారు. అక్కడ ఉండకుండా పేరు నమోదు చేయించుకోవడం చట్టవిరుద్ధం. అలా చిరునామా ఇచ్చినవారికి 50,000 యూరోల దాకా జరిమానా పడవచ్చు. సాయం చేసిన మనవాడే చిక్కుల్లో పడతాడు.

ఈ నియమం జర్మన్లకూ ఉంది కదా, కొత్తవాళ్లకు మినహాయింపెందుకని అడగవచ్చు. నియమం ఒకటే, బరువు ఒకటి కాదు. అక్కడ పుట్టినవాడు ఒక చిరునామా నుంచి మరో చిరునామాకు మారతాడు. కొత్తవాడు శూన్యం నుంచి మొదలుపెడతాడు. బెర్లిన్‌లో ఇళ్ల కొరత స్థానికులనూ బాధిస్తోందన్నది ఇంకా బలమైన వాదన. నిజమే. ఎక్కువమంది అద్దె ఇళ్లలో బతికే నగరంలో అద్దెల పెరుగుదల అందరి గుండెల మీదా కుంపటే. కానీ భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతామని జర్మనీ 2024లో తానే ప్రకటించింది. అక్కడి విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లదే పెద్ద సంఖ్య. పిలిచినవాళ్లకు బాధ్యత ఉంటుంది.

అందుకే ఉద్యోగమిచ్చే సంస్థలు, సీటిచ్చే విశ్వవిద్యాలయాలు ఆఫర్ లెటర్‌తో పాటు కనీసం మొదటి మూడు నెలలకైనా నమోదుకు వీలున్న గది చూపించాలి. ఏ ప్రభుత్వం మారేదాకా ఆగనవసరం లేని పని ఇది. వెళ్లే మన పిల్లలు కూడా అద్దె ఎంత అని అడిగే ముందు, అక్కడ పేరు నమోదు చేయనిస్తారా అని అడగాలి. జవాబు స్పష్టంగా రాకపోతే అడ్వాన్స్ కట్టకూడదు. రైలెక్కడానికి టికెట్ చాలు. ఊళ్లో నిలదొక్కుకోవడానికి పోస్టు డబ్బా మీద తన పేరు ఉండాలి.