శాలువా ఎవరి భుజాన?

శాలిబండలో సేవాసంస్థల వార్షికోత్సవాలు చూస్తూనే ఉన్నాం. వేదికపై నాయకులు, దాతలు. వారి భుజాలపై శాలువాలు. కుర్చీలు వేసేదీ, సభ ముగిశాక వాటిని ఎత్తేదీ ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న కార్యకర్తే.

2020 అక్టోబరు వరదల్లో పాతబస్తీ కాలనీలు మునిగినప్పుడు నీళ్లలో నడిచి అన్నం పొట్లాలు అందించినది ఇటువంటివారే. కోవిడ్ కాలంలో అయినవారే జంకితే, మతం అడగక మృతులను సాగనంపినదీ వీరే.

‘ఖిద్మత్‌కు ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉంది కదా’ అంటారు కమిటీ పెద్దలు. నిస్సందేహంగా ఉంది. అది మన బాధ్యతను రద్దు చేయదు. సూరా తౌబా 60వ ఆయత్ జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో, పేదలు, అగత్యపరుల వెంటనే, జకాత్ వ్యవహారాలు చూసేవారిని పేర్కొన్నది. ప్రతి కార్యకర్తకూ జకాత్ ఇమ్మని మేము అనడం లేదు. సేవలోని శ్రమను ధర్మమే లెక్కించిందని గుర్తుచేస్తున్నాం.

మేము కోరేది శాలువా కాదు. పదేళ్లు సేవచేసినవారికి ఆరోగ్యబీమా, అనుభవ ధ్రువపత్రం, కార్యవర్గంలో స్థానం కావాలి. గడపగడపకూ తిరిగి వితంతువుల పింఛను దరఖాస్తులు నింపే మహిళల పేర్లు రిజిస్టరుకెక్కాలి. ప్రభుత్వాన్ని హక్కులడిగే మనం, మన ఇంట్లోనే శ్రమించినవారి హక్కును మరిస్తే, మన నినాదానికి బలమెక్కడిది?