సరిసంఖ్యల మూఢనమ్మకం

స్టార్ ట్రెక్ సినిమాల గురించి నలుగురు మాట్లాడుకునే చోట ఒక సూత్రం చాలాకాలంగా చలామణీ అవుతోంది. సరిసంఖ్య సినిమాలు మంచివి, బేసిసంఖ్యవి చెడ్డవి. రెండు, నాలుగు, ఆరు చూడాలి. ఒకటి, మూడు, అయిదు వదిలెయ్యాలి. నూటపదహార్లు చదివించే జాతివాళ్ళం, మనకు సరిసంఖ్యల మీద పగేమీ లేదు. కానీ జాతకంలో పొంతనలు చూసినట్టు సినిమాకు విలువ కడుతుంటే మాత్రం ఊరుకోబుద్ధి కాదు.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. 1966 నుంచి 1969 దాకా 79 భాగాలు నడిచి ఆగిపోయిన అమెరికన్ టీవీ ధారావాహిక ఇది. ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక, దాని కెప్టెన్ కిర్క్, పక్కన స్పాక్ అనే పరగ్రహవాసి. 1979 నుంచి 2016 వరకూ దీని పేరుమీద 13 సినిమాలు థియేటర్లకొచ్చాయి. 2002లో పదోది, నెమెసిస్, సరిసంఖ్యే అయినా బోల్తాపడింది. 2009లో పదకొండోది, బేసిదే అయినా జనం నెత్తిన పెట్టుకున్నారు. సూత్రం అక్కడే చచ్చింది. అయినా శవాన్ని మోసేవాళ్ళు మోస్తూనే ఉన్నారు.

ఇంకొందరు వసూళ్ళను బట్టి వరుస కడతారు. కామర్స్ చదివి, ఇన్నేళ్ళు బ్యాంకులో అంకెలతో కాపురం చేసినవాణ్ణి కనక దీని సంగతి ముందు తేల్చుకుంటాను. ప్రపంచం మొత్తం మీద ఎక్కువ వసూలు చేసింది 2013 నాటి ఇన్‌టు డార్క్‌నెస్, దాదాపు 46 కోట్ల 70 లక్షల డాలర్లు. అదే ఏడాది లాస్ వేగాస్‌లో చేరిన అభిమానులు అన్ని సినిమాలకూ వరుస కట్టి దాన్నే అట్టడుగున పడేశారు. మరి ఏది నమ్మాలి? అమెరికాలో అది తెచ్చింది సుమారు 22 కోట్ల 90 లక్షలు. మొదటి సినిమా 1979లో అక్కడే తెచ్చింది 8 కోట్ల 20 లక్షలు. కానీ ఆ 34 ఏళ్ళలో అమెరికాలో ధరలు మూడు రెట్లకు పైగా పెరిగాయి. ఆ లెక్కన పాత 8 కోట్లు కొత్త 26 కోట్ల పైమాటే. ధరల సూచీ చూడకుండా పాత డిపాజిట్‌నూ కొత్త డిపాజిట్‌నూ పక్కపక్కన పెట్టి పోల్చే గుమాస్తాను ఏ మేనేజరూ క్షమించడు. సినిమా పేజీల్లో మాత్రం అలాంటి గుమాస్తాలకే పెద్దపీట.

మొదటి సినిమాకు జరిగిన అన్యాయం ఇంతటితో పోలేదు. నాలుగున్నర కోట్ల డాలర్ల దుబారా అని దాని పేరు. అంతకుముందు తలపెట్టి మధ్యలో మానేసిన ఒక టీవీ ధారావాహిక ఖర్చు కూడా దీని ఖాతాలోనే రాశారు! 1982లో రెండో సినిమా దాదాపు కోటి ఇరవై లక్షల్లోనే పూర్తయిందని మెచ్చుకుంటారు. నిజమే. కానీ ఆ ఎంటర్‌ప్రైజ్ నమూనా ఎవరి ఖర్చుతో తయారైంది? నౌక రేవు దాటి బయల్దేరే దృశ్యం ఎక్కడిది? మొదటి సినిమా కొన్న ఆస్తిని రెండోది అద్దె ఇవ్వకుండా వాడుకుంది. అన్నగారు ఇల్లు కట్టి అప్పులపాలైతే, అందులో కాపురం పెట్టిన తమ్ముడు పొదుపరి అనిపించుకున్నాడు.

ఇక అసలు వాదం. ఏ కథలోనైనా నేను చూసేది ఒకటే: నాయకుడు తనకు కావలసినదానికి ఏమి చెల్లించాడు? ఆ పద్దు ముందు పేజీకి చేరిందా, లేక మధ్యలో కొట్టేశారా?

రెండో సినిమాలో, ద రాత్ ఆఫ్ ఖాన్‌లో, నౌకను కాపాడబోయి స్పాక్ చనిపోతాడు. ఎన్నడూ ఎరగని కొడుకు డేవిడ్ కిర్క్‌కు దగ్గరవుతాడు. 1984లో లియొనార్డ్ నిమోయ్ తీసిన మూడోదాన్నే అందరూ తీసిపారేస్తారు. చచ్చినవాణ్ణి బతికించడానికి తీసిన సినిమా, ఇదే దాని మీద నేరారోపణ. బతికించారు, సరే, కానీ ఊరికే బతికించలేదే! దానికోసం కిర్క్ ఆజ్ఞ ధిక్కరించి నౌకను దొంగిలించాడు. క్లింగాన్లు డేవిడ్‌ను పొడిచి చంపారు. ఆ వార్త విన్న కెప్టెన్ వెనక్కి తూలి, తన కుర్చీ అందక కింద పడతాడు. ఆపైన నౌకను తన చేతులతోనే పేల్చేసుకుని, అది కాలి రాలుతుంటే కొండమీంచి చూస్తాడు. చివర్లో స్పాక్ తండ్రి, నీ నౌకా పోయింది, నీ కొడుకూ పోయాడు, ఎంత మూల్యం అంటాడు. ప్రయత్నించకపోతే తన ఆత్మే పోయేదంటాడు కిర్క్. జమ, ఖర్చు రెండూ రాసి కింద సంతకం పెట్టిన సినిమా అది.

ఆ పద్దు అక్కడితో ముగియలేదు. 1991 డిసెంబరులో, సోవియట్ యూనియన్ కూలిపోవడానికి సరిగ్గా కొద్ది రోజుల ముందు, ఆరో సినిమా వచ్చింది. శత్రువులైన క్లింగాన్లు తమ పెద్ద ప్రమాదంతో చితికిపోయి సంధికి వస్తారు. వాళ్ళు చచ్చిపోతున్నారని స్పాక్ అంటే, చావనీ అంటాడు కిర్క్! కొడుకును చంపినవాళ్ళను క్షమించలేనని దినచర్యలో చెప్పుకున్న మాటే తరవాత న్యాయస్థానంలో అతని మీద సాక్ష్యమవుతుంది. ఆరోది గొప్పదని సరిసంఖ్యలవారు కూడా ఒప్పుకుంటారు. మరి ఆ కోపం ఏ సినిమాలో పుట్టింది? మూడోదాన్ని చింపేస్తే ఆరోదానికి ఆదారి ఎక్కడిది? రెండు, మూడు, ఆరు ఒకే ఆవర్జాలో మూడు పేజీలు. నా వరుసలో మొదటి మూడు స్థానాలు వాటికే, అదే క్రమంలో.

మూడోదానికి మన పత్రిక పాఠకులు తలవంచవలసిన కారణం ఇంకొకటుంది. క్లింగాన్లకు మొదటి సినిమాలో నాలుగు అరుపులే ఉండేవి. మూడో సినిమా కోసం మార్క్ ఓక్రాండ్ అనే భాషాశాస్త్రజ్ఞుడు ఆ అరుపులకు వ్యాకరణం కట్టాడు. 1985లో నిఘంటువు వచ్చింది, 1992లో ఆ భాషకో సంస్థే వెలిసింది. దొంగలుగా, మోటువాళ్ళుగా పుట్టించిన పాత్రలకు భాష దొరికాక ఆరో సినిమాలో షేక్‌స్పియర్ అసలు మావాడేనని గొప్పలు పోయేదాకా వచ్చారు. ఊహలో పుట్టిన జాతికి నిఘంటువు వేసుకున్నారు వాళ్ళు. తరతరాలుగా ఉన్న ఊళ్ళోనే తెలుగు వాచకం కోసం బడి చుట్టూ తిరిగే మనకు ఆ పని విలువ వేరే చెప్పాలా?

మిగతావి త్వరగా కానిస్తాను. తిమింగలాల కోసం కాలంలో వెనక్కి శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్ళే నాలుగోది హాయిగా ఉంటుంది, కానీ అందులో ఎవరూ ఏమీ పోగొట్టుకోరు. అయిదోది అతుకులబొంతే, అయినా, నా బాధ నాకు కావాలి, తీసెయ్యకు అని కిర్క్ నిరాకరించే ఒక్క ఘట్టం కోసం దాన్ని నెమెసిస్ కంటే చాలా పైన పెడతాను. తరవాతి తరంవాళ్ళవాటిలో 1996 నాటిదొక్కటే గట్టిది. మొదటిది నిదానమే, కానీ 1977లో మనుషులు నిజంగా పంపిన వాయేజర్లను చూసి, అలాంటిదొకటి తన సృష్టికర్తను వెతుక్కుంటూ తిరిగొస్తే ఎలా ఉంటుందని అడిగిన సినిమా. నాలుగో స్థానం దానిది. అందులో గుండు గీయించుకుని నటించిన పర్సిస్ ఖంబాటా బొంబాయి అమ్మాయి, 1965 మిస్ ఇండియా. ఆమెకు పరగ్రహవాసి వేషం ఇచ్చారు. ఉత్తర భారతీయుడని, బహుశా సిక్కు అని 1967లో చెప్పిన ఖాన్ నూనియన్ సింగ్ వేషం మాత్రం మెక్సికోలో పుట్టిన రికార్డో మోంటల్బాన్‌కు! ఆయన గొప్పగా చేశాడు కనక మన నోరు మూతపడింది.

2013లో ఆ సాకూ లేదు. ఇన్‌టు డార్క్‌నెస్‌లో ఖాన్ సింగ్ తెల్లని ఇంగ్లీషువాడైపోయాడు. రెండో సినిమాలో స్పాక్ చావును తలకిందులు చేసి ఈసారి కిర్క్‌ను చంపారు. స్పాక్ తిరిగి రావడానికి రెండేళ్ళు, ఒక కొడుకు, ఒక నౌక పట్టాయి. కిర్క్ లేవడానికి ఖాన్ రక్తం ఒక సూది మందు పట్టింది, కొద్ది నిమిషాల్లో. ఎవరి ఖాతాలోనూ ఖర్చు పడలేదు. రుణమాఫీకైనా ప్రభుత్వం ఎక్కడో ఒకచోట పద్దు చూపిస్తుంది. అందుకే దాన్ని పదమూడో స్థానంలో పెట్టాను. వచ్చిన క్రమంలో అది పన్నెండోది, సరిసంఖ్యే.