ఓడినవాడు ముందు ఫోను చేయాలి



పోయిన సంవత్సరము వేసవిలో ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిపోతుండగా, ఒక తల్లి నా దగ్గరకు వచ్చి నిలబడింది. నంద్యాలకు, ఆళ్ళగడ్డకు నడుమ శిరివెళ్ళ దాటిన తరువాత వచ్చే పల్లె ఆమెది. కొంగుచాటు నుండి సెల్‌ఫోను తీసి నా చేతిలో పెట్టింది. "చూడండయ్యగారూ, మావోడు రాత్రిపూట దీంట్లో పేకాట ఆడతాండాడు. మా మరిది ముక్కలకు మూడెకరాలు పోగొట్టినాడు. ఇప్పుడు వీడు మొదలుపెట్టినాడు" అని కన్నీళ్ళు పెట్టుకుంది.

ఫోనులో చూస్తే నిజమే. ఆసులు, రాజులు, రాణులు వరుసగా ఉన్నాయి. నేను ఇంకేమీ విచారించలేదు. మరుసటి ఆదివారము ప్రసంగములో ఆ మాటే ఎత్తుకున్నాను. పేకముక్క చేతిలో ఉన్నా, ఫోనులో ఉన్నా ఒకటే పాపమని గట్టిగా చెప్పాను. పెద్దలు తలలూపారు. వెనుక చాపమీద కూర్చున్న ఆ కుర్రవాడు తల వంచుకున్నాడు. ఆ రోజు మంచి ప్రసంగము చేశాననుకొని ఇంటికి వెళ్ళాను. అది నా తొందరపాటని తెలియడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ కుర్రవాడు నంద్యాలలో డిగ్రీ చదువుతున్నాడు. వానికి చిన్ననాటి స్నేహితుడొకడున్నాడు. పదవ తరగతి వరకు ఇద్దరూ ఒకే బల్లమీద కూర్చున్నవారు. ఆ తరువాత ఆ రెండవవాడు చదువు మాని ఆళ్ళగడ్డలో శిల్పాలు చెక్కే షెడ్డులో పనికి కుదిరాడు. ఆళ్ళగడ్డ రాతిపని సంగతి మీకు తెలిసినదే. పగలంతా ఉలి, సుత్తి, రాతి దుమ్ము. స్నేహితులిద్దరూ కలుసుకునేది ఏ పండుగకో. అందుకని రాత్రి తొమ్మిది గంటలకు ఇద్దరూ ఫోనులో ఒక ఆట ఆడేవారు. దాని పేరు సాలిటేర్.

ఈ ఆటను గూర్చి మన పల్లెలలో చాలామందికి తెలియదు గనుక కొంచెము చెప్తాను. ఇది ఒక్కరే ఆడుకునే ఆట. ఇంగ్లాండు దేశస్థులు దీనిని పేషెన్స్, అనగా ఓర్పు, అని పిలుస్తారు. యాభైరెండు ముక్కలలో ఇరవై ఎనిమిదింటిని ఏడు వరుసలుగా పేర్చి, మిగిలిన ఇరవై నాలుగింటిని పక్కన పెడతారు. ఎరుపు మీద నలుపు, నలుపు మీద ఎరుపు దించుకుంటూ, చివరకు ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు వేరువేరుగా ఆసు నుండి రాజు వరకు నాలుగు దొంతులు చేయాలి. ఎదుట ప్రత్యర్థి లేడు. డబ్బు లేదు. 1990లో విండోస్ 3.0తో పాటు ఈ ఆట కంప్యూటరులోనికి వచ్చింది. అప్పట్లో మౌసు పట్టడము చేతకాని గుమాస్తాలకు ముక్కలను లాగి పెట్టడములో చెయ్యి తిరిగిందంటారు.

ఒంటరిగా ఆడే ఆటలో స్నేహితునితో పోటీ ఎట్లా కుదురుతుందని మీరడగవచ్చు. ఇద్దరికీ ఒకే విధముగా ముక్కలు పడితే కుదురుతుంది. విండోస్‌లో ఆడే ఫ్రీసెల్ అను ఇటువంటి ఆటలో 32,000 పంపకాలకు అంకెలు వేసి ఉంచారు. ఏ ఊరిలో ఎవరు ఆ అంకె కొట్టినా అవే ముక్కలు వస్తాయి. 1994లో కొందరు ఆటగాళ్ళు కూడి ఆ పంపకాలన్నిటిని పంచుకొని ఒక్కొక్కటిగా విప్పుకుంటూ వచ్చారు. 1995 నాటికి ఒక్కటే మిగిలింది. దాని అంకె 11,982. ఎంత తెలివిగలవాడు ఆడినా అది విడివడదు. ఈనాటి ఫోనులలో ఆ అంకెలతో పని లేదు. దినమునకొక పంపకము అందరికీ ఒకటే ఇస్తారు.

మన కుర్రవాళ్ళు ఆ దినపు ఆట ఆడి, ఎవరికి ఎన్ని నిమిషాలు పట్టిందో, ఎన్ని ఎత్తులు పట్టాయో చూసుకునేవారు. వారి మధ్య పందెము ఒక్కటే. ఓడినవాడు మరునాడు ముందుగా ఫోను చేసి మాట్లాడాలి.

నా ప్రసంగము తరువాత నంద్యాల కుర్రవాడు ఆట మానేశాడు. స్నేహితునితో "అయ్యగారు పాపమన్నారు, నేనింక ఆడను" అని చెప్పాడట. ఆటతో పాటు ఫోను కూడా ఆగిపోయింది. ఆళ్ళగడ్డలో ఉన్నవానికి తొమ్మిది గంటలకు పని లేకపోయింది. ఎట్లాగూ పాపమే గదా, ఏ పేకాటైతేనేమి అనుకున్నాడు. ఎవరో చూపిన దొంగదారిలో డబ్బుకు రమ్మీ ఆడడము మొదలుపెట్టాడు. మొదట ఐదు వందలు పెడితే తొమ్మిది వందలు వచ్చాయి. నాలుగవ నెలకు షెడ్డు యజమాని దగ్గర తీసుకున్న అడ్వాన్సు పందొమ్మిది వేలు పోయాయి. ఇంట్లో చెప్పలేదు. స్నేహితునికి చెప్పలేదు. నాకు అసలే చెప్పలేదు. చెప్తే ఏమంటానో వానికి ముందే తెలుసు గదా!

వాని తల్లి కబురు పెడితే నేను బస్సెక్కి ఆళ్ళగడ్డ వెళ్ళాను. ఆ షెడ్డు ముందు, సగము చెక్కిన రాళ్ళ మధ్య కూర్చొని వాడు చెప్పిన మాటలు విన్నాను. సిగ్గుపడవలసినది వాడొక్కడే కాదనిపించింది.

పల్లెలో పేకాట ఎంత చెడ్డదైనా దానికి కొన్ని అడ్డులున్నాయి. మనుషులు కూడాలి. జేబులో డబ్బు అయిపోతే లేవాలి. ఎవరో ఒకరి భార్య వచ్చి కేకలు వేస్తుంది. ఫోనులో ఈ అడ్డులు లేవు. ఎదుటివాడెవడో తెలియదు. బ్యాంకులోని డబ్బు క్షణములో వెళ్ళిపోతుంది. ఎవరు గెలిచినా ఓడినా ఆడించేవాడు ప్రతి ఆటకు తన వాటా కోసుకుంటాడు. సాలిటేర్‌లో నాలుగు దొంతులు పూర్తియైతే ఆట ముగుస్తుంది. డబ్బు ఆటలో పోయినది రాబట్టుకోవాలన్న ఆశ మనిషిని లేవనివ్వదు.

"రమ్మీ తెలివి ఆట, సుప్రీంకోర్టే చెప్పింది" అని కొందరు యౌవనస్థులు వాదిస్తారు. అందులో కొంత నిజమున్నది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొని ఆడాలి గనుక రమ్మీలో నైపుణ్యమే ప్రధానమన్నది. ఆ తీర్పును ఫోను ఆటల కంపెనీలు గొడుగుగా పట్టుకున్నాయి. అయితే తెలంగాణ 2017లో, మన ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము దేశమంతటికీ వర్తించేది. తెలివైనా, అదృష్టమైనా, డబ్బు కట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆట ఏదైనా కూడదని అది చెప్తుంది. ఆడించేవారికి మూడేండ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. డబ్బు పందెము లేని ఆటలను ఆ చట్టము నిషేధించలేదు. మన కుర్రవాళ్ళు తొమ్మిది గంటలకు ఆడుకున్నది అటువంటిదే. పార్లమెంటు చూసిన తేడాను నేను చూడలేకపోయాను.

బైబిలులో పేకముక్కల ప్రస్తావన లేదు గాని చీట్లు ఉన్నాయి. సిలువ క్రింద సైనికులు ప్రభువు అంగీ కొరకు చీట్లు వేసుకున్నారు. అపొస్తలులు ప్రార్థన చేసి చీట్లు వేసే మత్తీయను ఎన్నుకున్నారు. చీటి ఒకటే, వేసినవారి ఉద్దేశము వేరు. ఈ సంగతి నాకు చదువుకున్న రోజులలోనే తెలుసు. ఆ తల్లి కన్నీళ్ళు చూసినప్పుడు మరచిపోయాను.

తలిదండ్రులారా, మీ పిల్లల ఫోనులో పేకముక్కలు కనబడితే కేకలు వేయకముందు పక్కన కూర్చొని మూడు సంగతులు అడగండి. మొదటిది, ఇందులో డబ్బు పెట్టాలా? ఒక్క రూపాయైనా పెట్టవలసినదైతే ఆ రోజే తీసివేయించండి. మొదట ఉచితముగా ఇచ్చే బోనసు కూడా ఎరయే. ఉచితమైన ఆటల మధ్య వచ్చే ప్రకటనలు కూడా అటువైపే లాగవచ్చును, వాటిని నొక్కవద్దని చెప్పండి. రెండవది, ఎవరితో ఆడుతున్నావు? పేరు, ఊరు చెప్పగలిగిన స్నేహితుడైతే ఒక మాట, ముక్కు మొఖము తెలియనివాడైతే ఒక మాట. మూడవది, ఎప్పుడు ఆగుతుంది? డబ్బు లేని ఆటైనా రాత్రి రెండు గంటల వరకు సాగితే చదువును, నిద్రను తినివేస్తుంది. దినమునకు ఒక ఆట అని హద్దు పెట్టుకోవడము మేలు.

ఇప్పటికే డబ్బు పోగొట్టుకున్న బిడ్డ ఉంటే, ఎంత పోయిందో భయము లేకుండా చెప్పుకునే చోటు వానికి ఇంట్లో ఉండాలి. దాచిన అప్పు తీర్చడానికి ఇంకొక ఆట ఆడడమే వానికి తోచే దారి. మా సంఘములో ఒకడు ఆ దారిలో ఎంత దూరము పోయాడో నేను చూశాను.

ఆళ్ళగడ్డ కుర్రవాని అప్పు ఇంకా తీరలేదు. యజమాని మంచివాడు, వారము కూలిలో కొంత పట్టుకుంటున్నాడు. వాడు ఫోనులో నుండి ఆ రమ్మీ తీసివేశాడు. నేను మా సంఘము ఎదుట నిలబడి, ఆ ఆదివారము విచారించకుండా మాట్లాడానని ఒప్పుకున్నాను. పెద్దలలో ఒకరిద్దరికి అది నచ్చలేదు. కాపరి మాట వెనుకకు తీసుకుంటే పిల్లలకు భయము పోతుందన్నారు. ఆ భయము వలన ఆ బిడ్డ నాలుగు నెలలు నోరు విప్పలేదని వారికి చెప్పాను.

మొన్న ఆ తల్లి ఇంటికి ప్రార్థనకు వెళ్ళాను. తొమ్మిది కావచ్చింది. లోపల కుర్రవాడు ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆమె పొయ్యి దగ్గర నుండే అడిగింది: "ఏరా, ఈ పొద్దు ఎవురు ఓడిపోయినారు?"

"నేనేమ్మా. అందుకే నేను చేసినా."

మీ సహోదరుడు,
కాపరి