గుండెపోటు ధనికుల వ్యాధియా?

గుండెపోటు కలిగినవారి వ్యాధియనియు, ఒళ్లు వంచి పనిచేయువానికి అది రాదనియు మన కుటుంబములలో పెద్దలు తరచుగా అనుచుందురు. ఇటీవల మరియొక మాటయు బయలుదేరినది. ఈ జబ్బు మన భారతీయుల రక్తములోనే యున్నదట, దానికి మనము చేయగలది లేదట. మొదటి మాట తప్పు. రెండవది సగము నిజము. ఈ రెంటిని నమ్ముకొని మన బీదవారు ఆలస్యము చేయుచున్నారు గనుక ఈ వారము ఈ విషయమును చర్చింప దలచితిమి.

లండను నగరములోని ప్రభుత్వ కచేరీల పురుషోద్యోగులను 1967 నుండి వైద్యులు పరిశీలించిరి. బాధ్యతయు ఆందోళనయు పై అధికారులకే హెచ్చు గనుక గుండెజబ్బును వారికే హెచ్చుగా నుండునని నాటి నమ్మకము. 1978లో వెలువడిన ఫలితము తలక్రిందుగా నుండెను. అడుగుమెట్టున నున్న బంట్రోతులు మున్నగువారిలో గుండెజబ్బు మరణములు పైమెట్టువారిలోకంటె మూడున్నర రెట్లకు మించి యుండెను. పొగత్రాగుట, రక్తపుపోటు మున్నగువానిని లెక్కలోనికి తీసికొన్నను ఆ తేడాలో సగమునకు పైగా మిగిలియే యుండెను. వారందరును నెలజీతగాండ్రే, తిండికి లేనివారు కారు. గద్దెమీది యజమానికిని చిట్టా వ్రాయు గుమాస్తాకును మధ్య నుండు దూరము ఆయుస్సునందును ఉండునని దీనివలన తెలియుచున్నది. వర్తకులమైన మనకిది వినుటకు ఇంపైన మాట కాదు.

ఇక జాతి సంగతి. భారత ఉపఖండమునుండి వెళ్లి ఇంగ్లండులో స్థిరపడినవారికి ఈ జబ్బు అచటి సామాన్య జనులకంటె అధికమనుట నిజమే. 52 దేశములలో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ పరిశీలననుబట్టి చూడగా, మన ప్రాంతపువారికి తొలి గుండెపోటు సగటున 53 ఏండ్లకు రాగా, తక్కినవారికి 59 ఏండ్లకు సమీపమున వచ్చినది. కాని కారణములు మాత్రము అన్ని జాతులకును అవియే: పొగాకు, రక్తపుపోటు, మధుమేహము, కొవ్వు, బొజ్జ, మనోవ్యథ, కూరగాయలు పండ్లు తినకుండుట, శరీరశ్రమ లేకుండుట. అవి మనలను చిన్న వయస్సుననే పట్టుకొనుచున్నవి. రక్తమే కారణమైనచో జపానువారి సంగతి యేమి? స్వదేశమున వారికి ఈ జబ్బు బహు తక్కువ. కాలిఫోర్నియాకు వలసపోయినవారిలో పాత ఆచారవ్యవహారములు నిలుపుకొన్నవారికి స్వదేశమునందువలెనే తక్కువగా నుండగా, అచటి జీవనరీతిలో పూర్తిగా కలిసిపోయినవారికి మూడు మొదలు ఐదు రెట్లు హెచ్చుగా నుండెనని 1976లో తేలినది. రక్తము ఒక్కటియే, బ్రతుకు వేరు. తరతరములుగా పరప్రాంతమున నున్న మనము ఈ సంగతిని రెండుమారులు చదువుకొనదగును.

మన దేశపు లెక్కలు ఇంకను బాధాకరములు. బెంగుళూరులోని సెయింట్ జాన్స్ వైద్యులు 50 నగరములలోని 89 ఆసుపత్రులనుండి 20,000కు మించిన రోగుల వివరములు కూర్చి 2008లో ప్రకటించిరి. 30 దినములలో ధనికులు నూటికి 5.5 మంది మరణింపగా బీదలు 8.2 మంది మరణించిరి. చికిత్సలోని భేదములను సరిచూడగనే ఈ తేడా లేకపోయినది. అనగా వారిని చంపినది వంశము కాదు, అందని మందు. సగము మందికి ఆసుపత్రి చేరుటకు 6 గంటలో అంతకు మించియో పట్టినది. ఇది పట్టణములకే పరిమితమనుకొనరాదు. 2003–04లో గోదావరి జిల్లాల 45 గ్రామములలో మరణకారణములను పరిశీలింపగా గుండె, రక్తనాళముల జబ్బులే నూటికి 32 వంతులుగా కనబడినవి. యానాము సోదరులకు ఆ గ్రామములు ఇరుగుపొరుగే.

గత సంవత్సరము మన మండీలో తూకము వేయు 48 ఏండ్ల మనిషికి ఉదయము రొమ్ములో నొప్పి పుట్టెను. వాయువనుకొని సోడా త్రాగి మధ్యాహ్నమువరకు పనిచేసెను. ఒకనాటి కూలి పోవునను భయమే ఆతనిని నిలిపినది. తరువాత చేర్చిన ప్రైవేటు ఆసుపత్రిలో ముందుగా రొక్కము కట్టుమనిరి. సొమ్ము పోగగునప్పటికి చీకటి పడినది. ఆతడు బ్రతుకలేదు.

ప్రభుత్వములు కొంత చేయుచున్నవి. గుండెపోటు అనుమానమున్నవారికి తొలి మోతాదు మాత్రలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఇచ్చు ఏర్పాటు తమిళనాడున 2023లో ఆరంభమైనది. కర్ణాటకమున, 2021లో 46వ ఏట గుండె ఆగి మరణించిన నటుడు పునీత్ రాజ్‌కుమార్ పేర తాలూకా ఆసుపత్రులలో గడ్డను కరిగించు సూదిమందును ఉచితముగా ఇచ్చు పథకము వచ్చినది. మన మండీలో ఎందరికి ఈ సంగతి తెలియును?

కల్యాణమండపమునకు పై అంతస్తు వేయవలెనని నిధి కూడబెట్టుచున్నాము. అందులో కొంత తీసి, రక్తపుపోటు, మధుమేహము పరీక్షించు ఏర్పాటును నెలకొకమారు మండీలోనే చేయవలెననియు, ఆపదవేళ ముందు రొక్కము కట్టుటకు చేబదులు నిధి యొకటి ఉంచవలెననియు రానున్న సర్వసభ్య సమావేశమున ప్రతిపాదించుచున్నాము. అంతస్తు ఒక ఏడాది ఆగును. యజమానులకు మరియొక మనవి. పరీక్షదినమున పనివారి కూలి కోయకుడు. రొమ్ములో నొప్పి యన్నవానిని సోడాకు పంపక 108కి ఫోను చేయుడు. సమ్మతించువారు తమ కొట్టు పేరు వ్రాసి కార్యదర్శికి అందజేయగోరెదము.