దాచిన రోగము మానునా?

మాదకద్రవ్యముల ఘోరమును వెండితెరపై చూపరాదనియు, చూపినచో యువజనులు చెడిపోవుదురనియు వాదించు పెద్దలు మన దేశమున పెక్కండ్రు కలరు. వారి సదుద్దేశమును మేము శంకింపము. వారి వాదమును మాత్రము అంగీకరింపజాలము.

ఈ వాదము క్రొత్తది కాదు. 1955లో అమెరికాయందు ఆటో ప్రెమింజర్ అను స్వతంత్ర నిర్మాత, నెల్సన్ ఆల్‌గ్రెన్ నవల నాధారముగా గొని 'ది మాన్ విత్ ది గోల్డెన్ ఆర్మ్' అను చిత్రమును తీసెను. కథానాయకుడు చికాగో జూదగృహమున పేకముక్కలు పంచువాడు. చెరలో చికిత్స పొంది, మత్తుమందు మాని, డ్రమ్ము వాయించి గౌరవముగా బ్రతుకవలెనని తిరిగి వచ్చును. పాత వీధిలో మందు నమ్మువాడు కాచుకొనియే యుండును. మరల సూది, మరల జూదము, తుదకు హత్యానింద! మూసిన గదిలో ఆ యభాగ్యుడు మందు లేక విలవిలలాడుట చూచి, సూదికై చేయి చాప నుత్సహించువా డెవడు?

అయినను, మత్తుమందుల వ్యాపారము తెరపై కనబడరాదను నియమము నడ్డముపెట్టి, హాలీవుడ్ నియమావళి కార్యాలయము ముద్ర నిరాకరించెను. యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ ముద్ర లేకయే చిత్రమును విడుదల చేసి, నిర్మాతల సంఘమునుండి వెడలిపోయెను. 1956లో నియమము సడలినది. 1961లో చిత్రమునకు ముద్రయు లభించినది. ఈ నడుమ మారినది నియమమే గాని చిత్రము గాదు.

ఆ పాఠమును మనవారు నేర్చుకొనిరా? 2016లో 'ఉడ్తా పంజాబ్' చిత్రమునుండి పంజాబు పేరునే తొలగింపుమని మన ధ్రువీకరణ మండలి పట్టుపట్టెను. బొంబాయి హైకోర్టు ఒక్క కోతతో చిత్రమును విడుదల చేయనిచ్చెను. నామఫలకముపై ఊరి పేరు చెరిపినంతన ఊరిలోని విషము చెరుగునా? బిడ్డను పోగొట్టుకొన్న తల్లి కడుపుకోత యడగునా?

మత్తును సింగారించి, దాని నమ్మువానిని వీరునిగా నిలుపు చిత్రములను మేమును గర్హింతుము. పిన్నలు చూడదగనిచో వయఃపరిమితి విధింపుడు. అందులకు చట్టమే మార్గము చూపుచున్నది. అంతియే గాని పెద్దల కన్నులకు గంతలు కట్టకుడు.

వీధిలో మందు చేతులు మారుచున్నంత కాలము తెరపై మౌనము పాటించుట నీతి గాదు. ఆ మౌనమువలన లాభపడువా డొక్కడే: మందు నమ్మువాడు.